అన్ని కష్టాలకూ ఒకటే వాక్యమా?

ఉద్యోగం పోయినా, స్కానింగ్ రిపోర్టులో చెడ్డ మాట కనిపించినా, ఇంట్లో మనిషి పోయినా విశ్వాసి ఫోనుకు గంటలోపే వాక్యాలు వచ్చి పడతాయి. "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని ఒకరు, "సహింపగలిగినంతకంటె" ఎక్కువ రానివ్వడని ఇంకొకరు, "మహానందమని యెంచుకొనుడి" అని మరొకరు. పంపినవాళ్ల మనసు మంచిదే. ఆ మాటలూ బైబిల్లోవే. అయినా చదివినవాళ్లలో చాలామందికి ఊరట కలగదు సరికదా, 'నాకు విశ్వాసం తక్కువేమో, అందుకే ఈ వాక్యం నన్ను తాకడం లేదు' అని కొత్త టెన్షన్ మొదలవుతుంది.

లోపం వాళ్ల విశ్వాసంలో లేదు. జ్వరం అన్న ప్రతివాళ్లకూ ఒకే మాత్ర ఇచ్చినట్టు, కష్టం అన్న ప్రతిచోటా ఒకే వాక్యం వాడేస్తున్నాం. బైబిల్ ఆ పని చేయదు. అందులో కష్టాలు ఒక రకం కావు, వాటిని దేవుని ప్రజలు ఎదుర్కొన్న తీరూ ఒకటి కాదు. ఒకరు బూడిదలో కూర్చుని దేవునితో వాదించారు, ఒకరు రాత్రికి రాత్రి పారిపోయారు, ఒకరు చక్రవర్తి దాకా అప్పీలుకు వెళ్లారు, ఒకరు చంపుతున్నవాళ్ల కోసం ప్రార్థిస్తూ చనిపోయారు, ఒకరు తప్పు ఒప్పుకుని డబ్బు తిరిగి కట్టారు. వీళ్లలో ఎవరినీ అవిశ్వాసి అనలేం. అందుకే "విశ్వాసంతో ఎలా ఎదుర్కోవాలి" అని అడిగే ముందు, అసలు వచ్చింది ఏ రకం కష్టమో చూసుకోవాలి.

ముందు కష్టాన్ని గుర్తుపట్టాలి

కొన్ని మన చేతులారా తెచ్చుకున్నవి. ఈ విషయంలో పేతురు మొహమాటపడడు. మీలో ఎవరూ హంతకుడిగానో, దొంగగానో, దుర్మార్గుడిగానో, పరుల జోలికి పోయేవాడిగానో బాధపడకూడదు అంటాడు (1 పేతురు 4:15). హంతకుడి వరసలోనే పక్కవాళ్ల విషయాల్లో తలదూర్చేవాణ్నీ నిలబెట్టడం చూస్తే, సంఘాల సంగతి ఆయనకు బాగానే తెలుసనిపిస్తుంది. తాహతుకు మించి అప్పు చేసి మునిగినవాడు, అబద్ధం చెప్పి దొరికినవాడు, నోటి దురుసుతో అందరినీ దూరం చేసుకున్నవాడు దాన్ని "సాతాను దాడి" అని పేరు పెట్టుకుని ఉపవాసం ఉంటే ఫలితం ఉండదు. ఇక్కడ చేయాల్సింది పశ్చాత్తాపం, ఆ వెంటనే దిద్దుబాటు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

కొన్ని ఇంకొకరి పాపం వల్ల మన మీద పడేవి. మోసం, హింస, వేధింపు, అబద్ధపు ఆరోపణ. వీటి గురించి ఎక్కువ మాట్లాడాలి కాబట్టి కాసేపట్లో మళ్లీ వస్తాను.

కొన్ని క్రీస్తు పేరు కోసం వచ్చేవి. కొత్త నిబంధనలో "సంతోషించండి, ఉత్సహించండి" అనే మాటల్లో చాలా ఈ రకం కష్టం గురించినవే. కొండమీది ప్రసంగంలో ప్రభువు "నా నిమిత్తము" నిందలు పడినవాళ్లను ధన్యులన్నాడు. పేతురు కూడా క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడక్కర్లేదన్నాడు. ఈ మాటల్ని తీసుకెళ్లి, మూడేళ్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "సంతోషించమ్మా" అని చెబితే, వాక్యానికీ అన్యాయమే, ఆ తల్లికీ అన్యాయమే.

ఇక మిగిలినవి, బహుశా అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవి, ఎవరి తప్పూ వెతకలేనివి. జబ్బు, ముసలితనం, ప్రమాదం, భూకంపం, మరణం. సృష్టి అంతా ప్రసవవేదన పడుతూ మూలుగుతోందని పౌలు రాసింది ఈ సంగతే (రోమా 8:22). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులని అనుకుంటున్నారా, కాదు అని ప్రభువు తేల్చి చెప్పాడు (లూకా 13). పుట్టుగుడ్డివాణ్ని చూసి "పాపం చేసింది వీడా, వీడి అమ్మానాన్నలా" అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9). అయినా రెండువేల ఏళ్ల తర్వాత కూడా ఆసుపత్రి మంచం పక్కన అదే ప్రశ్న వేసేవాళ్లు దొరుకుతూనే ఉన్నారు.

నిజజీవితంలో ఇవన్నీ విడివిడిగా రావు, కలిసిపోయి వస్తాయి. షుగర్ ఉన్నా తిండి మానుకోని మనిషికి కిడ్నీలు పోతే అందులో వంశపారంపర్యం ఎంత, నిర్లక్ష్యం ఎంత? వ్యాపారం మునిగితే అందులో పార్ట్‌నర్ మోసం ఎంత, మన ఆశ ఎంత? ఇలాంటప్పుడు తన భాగం వరకు ఒప్పుకోవడం, మిగతా బరువు మోయకపోవడం న్యాయం. బాధలో ఉన్నవాళ్లు ఈ రెండోదాన్ని మరిచిపోయి అంతా తమ పాపమేనని నెత్తిన వేసుకుంటారు.

ఒక్కోసారి కారణం ఎప్పటికీ తెలియదు. యోబు గ్రంథంలో మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో దేవునికీ సాతానుకూ మధ్య జరిగిన సంభాషణ పాఠకుడికి తెలుసు. యోబుకు తెలియదు. 42 అధ్యాయాలు అయిపోయినా ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు, కానీ "ఇదీ కారణం" అనలేదు. కారణం తెలిస్తేనే నమ్ముతానని కూర్చుంటే యోబు ఆఖరి వరకు నమ్మి ఉండేవాడు కాదు.

ఏడ్చినంత మాత్రాన విశ్వాసం పోదు

150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు విలాపాలే. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే "ఎన్నాళ్లు" అనే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. 44వ కీర్తన ఇంకా ధైర్యం చేసి, మేము నిన్ను మరవలేదు, నువ్వు ఎందుకు నిద్రపోతున్నావు, లే అని దేవుణ్ని నిలదీస్తుంది. విలాపాల్లో చాలావరకు చివరికి ఆశ వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రం తిరగదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కూడా ఆరాధనలో పాడుకునే పుస్తకంలోనే ఉంచారు. అంటే ఏ వెలుగూ కనిపించని రోజున కూడా విశ్వాసికి ప్రార్థించడానికి మాటలు ఉన్నాయన్నమాట.

యెరూషలేము కూలిన తర్వాత పుట్టిన విలాపవాక్యములు ఐదు అధ్యాయాలు. దేవుని కృప ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందనే ప్రసిద్ధమైన మాట మూడో అధ్యాయం నడుమ ఉంది. మనం దాన్ని ఒక్కదాన్నే కత్తిరించి గోడకు తగిలించుకుంటాం. అసలు పుస్తకంలో ఆ మాట తర్వాత ఇంకా ఏడుపు ఉంది, రెండు అధ్యాయాలు ఉంది.

యేసు ప్రభువు విషయం చూడండి. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. "ఇంకో పది నిమిషాల్లో అంతా బాగవుతుంది, ఏడవకండి" అని లాజరు అక్కచెల్లెళ్లు మరియ, మార్తలను మందలించలేదు. గెత్సేమనేలో, చనిపోయేంతగా దుఃఖంలో మునిగి ఉన్నానని శిష్యులతో చెప్పుకున్నాడు. సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటను, ఎందుకు చెయ్యి విడిచావనే మాటను, తన మాటగా కేకవేశాడు. ఆయన మహా రోదనతో, కన్నీళ్లతో ప్రార్థించాడని హెబ్రీ పత్రిక 5:7 రాస్తుంది. సమాధుల తోటలో "విశ్వాసులు ఏడవకూడదు" అని చెప్పే పెద్దమనిషి ఏ ఆధారంతో చెబుతున్నాడో నాకు అర్థం కాదు. పౌలు థెస్సలొనీకయులకు చెప్పింది నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని. దుఃఖమే వద్దని ఆయన అనలేదు.

సణుగుడుకూ విలాపానికీ తేడా ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుని గురించి ఒకరితో ఒకరు గొణుక్కున్నారు, వెనక్కి పోదామన్నారు. కీర్తనకారుడు దేవునితోనే పోట్లాడాడు. మాటల ఘాటు చూస్తే కీర్తనలదే ఎక్కువ. అయినా అవి ప్రార్థనలయ్యాయి, ఎందుకంటే మొహం ఆయన వైపే ఉంది.

నలిగిపోయిన నాలుగు వచనాలు

ఊరట కోసం ఎక్కువగా వాడే వచనాల్లో కొన్నింటిని వాటి చోట్లోనే ఉంచి చదివితే ఇంకా గట్టిగా నిలుస్తాయి.

"దేవుడు మోయలేనంత బరువు ఇవ్వడు" అనే మాట బైబిల్లో లేదు. దానికి ఆధారంగా చూపించే 1 కొరింథీ 10:13 శోధన గురించి, అంటే పాపంలో పడేట్టు లాగే పరిస్థితి గురించి. దాని పై వచనాలన్నీ విగ్రహారాధన, వ్యభిచారం, సణుగుడు గురించి. బరువు సంగతికొస్తే, ఆసియ అనే రోమా ప్రాంతంలో తమ శక్తికి మించిన భారంతో కుంగిపోయి బతుకు మీద ఆశ వదులుకున్నామని అదే పౌలు అదే సంఘానికి రాశాడు (2 కొరింథీ 1:8). మోయలేకపోతున్నానని ఒప్పుకోవడం అపొస్తలుడికే తప్పు కాలేదు.

యిర్మీయా 29:11లో, మీ గురించి నాకున్నవి సమాధానకరమైన ఉద్దేశాలే అని దేవుడు చెప్పే మాట బబులోనుకు చెరపట్టి తీసుకెళ్లిన వాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో అంతా సరవుతుందని చెప్పి చప్పట్లు కొట్టించుకునే పని చేశాడు. యిర్మీయా 70 ఏళ్లు అన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని తీసుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. వచ్చే నెల ప్రమోషన్ కోసం ఈ వచనం పట్టుకునేవాళ్లు 70 ఏళ్లని చెప్పే పదో వచనం కూడా చదువుకోవాలి. తొందరగా తీరని కష్టంలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఉత్తరమంత పనికొచ్చేది తక్కువ.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనేది పరీక్షల్లో గెలవడానికి నినాదం అయిపోయింది. పౌలు చెరసాల నుంచి రాస్తూ, ఆకలిగా ఉన్నా కడుపు నిండినా ఎలా ఉండాలో నేర్చుకున్నానని చెప్పి ఆ మాట అన్నాడు. చాలామంది అక్కడే ఆపేస్తారు. తర్వాతి వచనంలో, అయినా మీరు నా శ్రమలో పాలుపంచుకోవడం మంచి పని అంటాడు. సమస్తం చేయగలనన్న మనిషికి కూడా ఫిలిప్పీ నుంచి వచ్చిన సాయం కావలసి వచ్చింది.

ఇక రోమా 8:28, దేవుణ్ని ప్రేమించేవాళ్లకు మేలు కలిగేలా సమస్తం సమకూడి జరుగుతుందనే వచనం. ఆ "మేలు" ఏమిటో 29వ వచనం చెబుతుంది: కుమారుని పోలికలోకి మారడం. కొంచెం కిందికి వెళ్తే కరువు, వస్త్రహీనత, ఖడ్గం వరసగా కనిపిస్తాయి. అవి రావని కాదు, అవి కూడా దేవుని ప్రేమ నుంచి విడదీయలేవని. ఈ వచనాన్ని ఎప్పుడు, ఎవరు అనాలన్నది కూడా ముఖ్యమే. యోసేపును 17 ఏళ్ల వయసులో అన్నలు గోతిలో పడేసి, ఆ తర్వాత అమ్మేశారు. 30 ఏళ్లకు ఫరో ముందు నిలబడ్డాడు. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరువు గడిచాక అన్నలతో "మీరు పంపలేదు, దేవుడే పంపాడు" అనగలిగాడు. లెక్క వేస్తే 22 ఏళ్లు. ఆ మాట అన్నది బాధపడిన యోసేపు. గోతి ఒడ్డున నిలబడి పైనుంచి ఎవరో అతనికి చెప్పలేదు. చెరసాలలో ఉన్నప్పుడు కూడా అతను దేవుని ప్రణాళిక అని చేతులు ముడుచుకోలేదు, నా సంగతి ఫరోకు చెప్పి నన్ను బయటకు తీయించమని పానదాయకుల అధిపతిని అడిగాడు.

ఓర్చుకోవడం ఎంతవరకు?

అన్యాయం జరిగినప్పుడు ఓర్పు అనే మాటను బలహీనుల మీదే ఎక్కువగా ప్రయోగిస్తారు. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లమని భార్యకు చెబుతారు. జీతం ఎగ్గొట్టిన యజమానిని క్షమించమని పనివాడికి చెబుతారు. చెప్పేటప్పుడు పౌలును ఉదాహరణగా తెస్తారు. సరే, పౌలునే చూద్దాం.

దమస్కులో చంపాలని చూస్తే రాత్రివేళ గంపలో గోడ దిగి తప్పించుకున్నాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించిన అధికారులు మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మంటే, కుదరదు, వాళ్లే వచ్చి బయటకు తీసుకెళ్లాలన్నాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే, శిక్ష పడని రోమా పౌరుణ్ని కొట్టడం చట్టమేనా అని శతాధిపతిని అడిగాడు. రోమా అధిపతి ఫేస్తు ముందు, చక్రవర్తి అయిన కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. అదే పౌలు సువార్త కోసం ఐదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు తిన్నాడు. ఎక్కడ తప్పించుకోవాలో, ఎక్కడ హక్కు అడగాలో, ఎక్కడ భరించాలో చూసి నిర్ణయించుకున్నాడు. యాకోబు పత్రిక శ్రమల గురించి చెప్పిన వెంటనే జ్ఞానం కొదువగా ఉంటే అడగమనడం ఊరికే కాదు.

అన్యాయంగా బాధపడుతూ ఓర్చుకోమని పేతురు రాసింది దాసులకు. వాళ్లకు ఫిర్యాదు చేసుకునే దారి దాదాపు లేదు. దారి ఉన్నప్పుడు ఏం చేయాలో పౌలు ఇంకోచోట చెప్పాడు: స్వతంత్రుడివయ్యే అవకాశం దొరికితే వాడుకో (1 కొరింథీ 7:21). ఇంట్లో హింస పడుతున్న మనిషికి పోలీసు, చట్టం, సురక్షితమైన ఇంకో ఇల్లు అలాంటి అవకాశాలే. సంఘ పెద్దలు ఆ తలుపు తీయాలి, మూయకూడదు.

మరి క్షమాపణ? తన మీద ఈటె విసిరిన రాజు సౌలును దావీదు చంపగలిగీ రెండుసార్లు వదిలేశాడు. రెండోసారి సౌలు తప్పు ఒప్పుకుని, తిరిగి రా నాయనా అని పిలిచాడు. దావీదు తాను తీసుకున్న సౌలు ఈటె తిరిగి ఇచ్చేశాడు గానీ తన దారిన తాను వెళ్లాడు, రాజు ఇంటికి మాత్రం వెళ్లలేదు. పగ వదిలేయడం ఒకటి, ఈటె విసిరే చేతికి మళ్లీ అందుబాటులో కూర్చోవడం ఇంకొకటి.

మందులు, నిద్ర, ప్రార్థన

దీని గురించి క్లుప్తంగానే చెప్పవచ్చు, ఎందుకంటే లేఖనం గందరగోళం లేకుండా ఉంది. జబ్బుపడిన రాజు హిజ్కియా ప్రార్థన విన్నానని దేవుడు చెప్పిన తర్వాతే ప్రవక్త యెషయా అంజూరపు ముద్ద తెచ్చి పుండు మీద వేయించాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన నూనె పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత. డిప్రెషన్‌తో ఉన్న విశ్వాసిని డాక్టర్ దగ్గరకు, కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లడం అవిశ్వాసం అనేవాళ్లు ఈ అధ్యాయాన్ని (1 రాజులు 19) ఒకసారి నిదానంగా చదవాలి. చనిపోవాలనే ఆలోచన ఎవరైనా బయటపెడితే ఉపవాస ప్రార్థన రోజు వరకు ఆగకూడదు, ఆ రోజే వైద్య సాయం అందాలి.

1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు వదలకుండా రోగులకు సేవ చేశాడు. అదే సమయంలో, మందులు వాడండి, ఇంటికి పొగ వేయండి, అవసరం లేనిచోటికి పోకండి అని రాశాడు. జాగ్రత్త తీసుకోనివాళ్లు ధైర్యవంతులు కారని, దేవుణ్ని శోధిస్తున్నారని ఆయన అభిప్రాయం. ఆయనే ఆ తర్వాత, 1542లో, 13 ఏళ్ల కూతురు మగ్దలీనాను పోగొట్టుకుని కుమిలిపోయాడు.

అడిగినా ఇవ్వకపోతే

అన్నిటికన్నా కష్టమైన ముడి ఇదే. విశ్వాసం సరిపోలేదు కాబట్టి స్వస్థత రాలేదని చెప్పడం సులువు. కానుక ఇంకాస్త పెంచి విత్తమని చెప్పడం కొందరికి లాభం కూడా. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఈ లెక్కను చెడగొడుతుంది. రాజు హేరోదు యోహాను సోదరుడు యాకోబును కత్తితో చంపించాడు. పేతురును దేవదూత చెరసాల నుంచి విడిపించాడు. ఇద్దరూ ప్రభువుకు అత్యంత దగ్గరి శిష్యులే. తేడా ఎందుకో ఆ పుస్తకం రాసిన లూకా వివరించడు. పేతురు కోసం ప్రార్థిస్తున్నవాళ్ల విశ్వాసం కొండంత ఉందా అంటే, అతను వచ్చి తలుపు తడితే రొదే అనే చిన్నదానికి పిచ్చిపట్టిందన్నారు!

హెబ్రీ 11లో విశ్వాసం వల్ల కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారని 34వ వచనం అంటుంది. కొందరు ఖడ్గంతో చంపబడ్డారని 37వ వచనం అంటుంది. రెండూ ఒకే విశ్వాసం కింద రాశారు. పౌలు శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు అడిగాడు. తీయలేదు, "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. గెత్సేమనేలో ప్రభువూ ఆ గిన్నె తొలగించమనే అడిగాడు. మూడుసార్లు అడిగిన తర్వాతే లేచి వెళ్లాడు. "నీ చిత్తం" అని మొదటి ప్రార్థనలోనే అన్నా, ఆయన అడగడం మానలేదు. ముందు కావలసింది అడగవచ్చు, మళ్లీ అడగవచ్చు.

ఇక్కడ విశ్వాసి ఎంచుకోగలిగేది ఫలితాన్ని కాదు. అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజుతో, మా దేవుడు రక్షించగలడని చెప్పి, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. యోబు గురించి సాతాను వేసిన మొదటి ప్రశ్న కూడా దీనికి సంబంధించిందే: ఊరికే భయభక్తులు కలిగి ఉన్నాడా, లాభం ఉండబట్టి కదా? మొదటి అధ్యాయంలో యోబు "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నాడు. మూడో అధ్యాయంలో పుట్టిన రోజునే శపించాడు. మొదటి మాటను సాక్ష్యాలలో చెబుతాం, రెండోదాన్ని దాటేస్తాం. చివర్లో దేవుడు మాత్రం తన గురించి సరిగా మాట్లాడింది యోబేనని, స్నేహితులు కాదని అన్నాడు.

ఆ స్నేహితులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడింది. వాళ్లు చెప్పినవాటిలో చాలా మాటలు విడిగా చూస్తే సరైన సిద్ధాంతమే, మనం పంపే మెసేజ్‌ల్లాగే. పరామర్శకు వెళ్లేవాళ్లు మొదటి వారం కారణాలు చెప్పకుండా ఉండగలిగితే, ఆసుపత్రి బిల్లు ఎంతయిందో కనుక్కోగలిగితే, పిల్లల్ని రెండు రోజులు చూసుకోగలిగితే, మూడో నెలలో జనం పలచబడ్డాక గుర్తుపెట్టుకుని ఫోన్ చేయగలిగితే, బాధలో ఉన్న మనిషికి విశ్వాసంలో నిలబడటం కొంత తేలికవుతుంది.

యోబు గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి. పిల్లలు మాత్రం ముందు పదిమంది, తర్వాతా పదిమందే. పోయినవాళ్ల లోటు అలాగే ఉంది. అందుకేనేమో, దేవుడు అతని స్థితిని మార్చిన తర్వాత కూడా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పాత పరిచయస్థులు ఇంటికొచ్చి అతనితో భోజనం చేసి, వచ్చిన ఆపదలన్నిటి గురించీ ఓదార్చారని, ఒక్కొక్కరు ఒక వెండి నాణెం, ఒక బంగారు ఉంగరం ఇచ్చి వెళ్లారని 42వ అధ్యాయం రాస్తుంది.